‘అన్యదేశ్యం’ అంటే తప్పు మాట అని ఎవరన్నారు?

[తెర మీద పలక: మేస్త్రీ]

మన చెన్నై తెలుగు సభల్లో ‘అన్యదేశ్యం’ (వేరే భాష నుంచి వచ్చిన మాట) అనగానే ఎంగిలి మాట విన్నట్టు మొహం పెట్టేవాళ్లున్నారు. అయ్యా, ఆ పేరు మాట పుట్టిల్లు చెబుతుంది, అంతే. దాని నడవడి గురించి ఒక్క ముక్క చెప్పదు.

మేస్త్రీనే చూడండి. పోర్చుగీసులో ‘మెస్త్రె’, పనిలో ఆరితేరినవాడు. 16వ శతాబ్దంలోనే వాళ్లు ఇక్కడి శాంథోమ్‌లో కాపురం పెట్టారు. ఆ మాట మనదాకా వచ్చి చివర దీర్ఘం తీసింది, ‘లు’ తగిలించుకుంది, ‘గారు’ కూడా సంపాదించింది. తాపీమేస్త్రీగారిని పరాయివాడు అనండి చూద్దాం, గోడ సగంలో ఆగుతుంది!

[పలక: గ్రామ్యం]

అసలు గందరగోళం ఇక్కడ: అన్యదేశ్యాన్నీ గ్రామ్యాన్నీ ఒకటే అనుకుంటారు. మద్రాసులో పంతులుగా పనిచేసిన చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘లక్షణ విరుద్ధంబగు భాష గ్రామ్యంబు’ అన్నారు, అంటే వ్యాకరణ సూత్రానికి ఒప్పని మాట. ఆయన లెక్కలో ‘వచ్చుచున్నాఁడు’ ఒప్పు, మనం రోజూ అనే ‘వస్తున్నాడు’ గ్రామ్యం. అది పుట్టుకతో అచ్చంగా మనదే, అయినా గ్రామ్యమే! మేస్త్రీ గొడవ వేరు, దీని గొడవ వేరు.

సంస్కృతమూ బయటిదేగా అంటారా? న్యాయమైన ప్రశ్నే. వ్యాకరణాలు దానికి తత్సమం (సంస్కృతంతో సమానమైన మాట) అని ముందే వేరే పీట వేశాయి. పక్షపాతమే అనుకోండి.

[పలక: ఉరల్ – రోలు, ఇరండు – రెండు]

ఈ ఊళ్లో ఇంకో పొరపాటు: ‘రోలు తమిళం నుంచి వచ్చింది’ అనడం. రాలేదు. రోలు, తమిళ ఉరల్ రెండూ మూలద్రావిడంలోని, అంటే తెలుగు, తమిళాలకు తల్లి అయిన భాషలోని, ఒకే మాట పిల్లలు. తెలుగు ఆ మొదటి అచ్చును లోపలికి నెట్టేస్తుంది: ఉరల్–రోలు, ఇరండు–రెండు, అవన్–వాడు. తేడా ఇలా వరసగా, ఒకే పద్ధతిలో కనిపిస్తే అది చుట్టరికం, అప్పు కాదు. మేస్త్రీకి అలాంటి చుట్టాలు లేరు, అది ఒంటరిగా ఓడ దిగింది.

టైమైపోతోంది, గబగబా చెప్తాను. ఇంగ్లీషు చిన్న మాటలు రాసేటప్పుడు చివరి హల్లు ముందు హ్రస్వం ఉంటే ఒత్తు పడుతుంది: బస్సు, పెన్ను, కప్పు. దీర్ఘం ఉంటే పడదు: కారు, కోటు, గేటు. ‘రోడ్డు’ మాట వినదు, దాన్ని వదిలేయండి. జిల్లా, వకీలు, కాగితం ఫారసీ దారిలో వచ్చినవి. ఇక ‘కక్కూసు’ పులికాట్‌లో కోట కట్టుకున్న డచ్చివాళ్లది. ఆ కథ వచ్చే వీడియోలో, భోజనాలయ్యాక చూడండి.