కుట్టుమిషన్ ఇచ్చి గ్రైండర్ తెచ్చుకున్నా, 24 రోజులు పట్టింది

[గ్రైండర్ పక్కన నిలబడి మొదలు]

నమస్తే అందరికీ, తిరుపతి నుంచి మాట్లాడతా ఉండా. ఇదో ఈ టేబుల్ టాప్ గ్రైండర్ చూడండి, దీన్ని డబ్బులిచ్చి కొనలేదు, మా అమ్మ కుట్టుమిషన్ ఇచ్చి తెచ్చుకున్నా. 24 రోజులు పట్టింది. ఎందుకు అన్ని రోజులు పట్టిందో, అదే మిషన్ డబ్బులకి అమ్మింటే ఎట్ల ఉండేదో ఈరోజు చెప్తా, ఎందుకంటే "అమ్మేదెందుకన్నా, ఆన్‌లైన్‌లో ఎక్స్ఛేంజ్ చేసుకుంటే పోలా" అని చానామంది అడగతా ఉండారు.

మార్పిడి మనకేం కొత్త కాదు. వడ్లు కొలిచి ఉప్పు తీసుకున్న కాలం మన అవ్వలకి తెలుసు, కమ్మరికీ వడ్రంగికీ కల్లం కాడనే మేర, అంటే పనికి బదులుగా ధాన్యం, కొలిచేవాళ్లు, ఇప్పటికీ వీధుల్లో "పాతబట్టలకు స్టీలు సామాన్లూ" అని కేక వినపడతానే ఉంటాది. ఆ సామాన్ల ఆమె ఏం చేస్తాదో ఎప్పుడన్నా గమనించినారా? మనం ఇచ్చిన చీరని విప్పి, వెలుతురుకి అడ్డంగా పట్టి, చిరుగు ఉందా అని అంచు కాడి నుంచి అంచు దాకా చూస్తాది, మనమేమో గిన్నె తీసుకొని అడుగు కొట్టి చూస్తాం, మందం సరిపోలేదంటే ఇంకో గిన్నె అడుగుతాం, ఆమె ఇంకో చీర వెయ్యమంటాది. అంతా మన గడప కాడ అయిపోతాది. ఆన్‌లైన్‌లో ఆ చీర చెయ్యికి అందదు, ఆ గిన్నె కూడా అందదు.

అసలు మొదటి కష్టం మనిషి దొరకడం. డబ్బులకి అమ్మితే మన మిషన్ కావాల్సినోడు దొరికితే చాలు. మార్పిడికైతే మన మిషన్ కావాల, పైగా వాళ్ల దగ్గర మనకి కావాల్సింది ఉండాల. జెవాన్స్ అని ఇంగ్లండ్ ఆర్థికవేత్త 1875లో ఈ కష్టాన్ని ఒక సంగతితో చెప్పినాడు. పారిస్ గాయని ఒకామె పసిఫిక్ సముద్రంలోని సొసైటీ దీవుల్లో కచేరీ చేస్తే, ఆమె వాటా కింద వచ్చింది 3 పందులు, 23 టర్కీ కోళ్లు, 44 నాటుకోళ్లు, 5000 టెంకాయలు, ఇంకా అరటిపండ్లు, నిమ్మకాయలు, నారింజలు. అన్నీ విలువైనవే, కానీ ఆమె ఎంత తినగలదు? చివరికి ఆ పండ్లు పందులకీ కోళ్లకీ మేతగా వెయ్యాల్సి వచ్చింది.

నాకూ అట్లనే అయింది. "కుట్టుమిషన్‌కి గ్రైండర్ కావాలి" అని ఆన్‌లైన్‌లో పెడితే ఒకాయన చిన్నపిల్లల సైకిల్ ఇస్తానన్నాడు, ఒకాయన చేపల తొట్టి, ఇంకొకాయన పాత టీవీ. పది రోజులు పోయినాక చిత్తూరు నుంచి ఒక అక్క మెసేజ్ పెట్టింది, ఇంట్లో రొండు గ్రైండర్లు ఉండాయి, జాకెట్లు కుట్టడం నేర్చుకుంటా ఉండా, మిషన్ కావాల అని. ఆ మెసేజ్ చదివి అమ్మ మొహం వెలిగిపోయింది. మోకాళ్ల నొప్పులతో అమ్మ మిషన్ తొక్కడం మానేసి మూడేళ్లయింది, మా చదువులకి ఫీజులు కట్టింది ఆ మిషనే, దాన్ని తీసుకొనేవాళ్లు కుట్టాల అని అమ్మ కోరిక. డబ్బులకి అమ్మింటే ఎవరు కొన్నారో, ఏం చేస్తారో అడిగేవాళ్లమా?

అయితే రేటు కాడ మళ్లీ ఆగినాం. మార్పిడిలో రేటు ఉండదు అనుకుంటారు, ఉంటాది, కాకపోతే కనపడదు. జీఎస్‌టీ రూల్స్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది, పాత ఫోన్ ఇచ్చి పైన 20,000 కట్టి కొత్త ఫోన్ తీసుకుంటే, ఎక్స్ఛేంజ్ లేకుండా దాని రేటు 24,000 అయితే, ఆ కొత్త ఫోన్ విలువ 24,000 కిందే లెక్క. అంటే నీ పాత ఫోన్‌కి షాపోడు కట్టింది 4,000. అందుకే నేను అక్కతో చెప్పినా, ముందు రొండిటికీ విడివిడిగా రూపాయల్లో రేటు అనుకుందాం అక్కా అని. మేము మిషన్‌కి 6,000 అనుకున్నాం, అక్క గ్రైండర్‌కి 5,000 చెప్పింది, రొండు రోజులు మాట్లాడుకొని గ్రైండర్ 4,500 చేసినాం, పైన 1,500 అక్క ఇచ్చేట్టు. డబ్బులు వద్దనుకొని మొదలుపెట్టినా చివరికి డబ్బులు రావాల్సిందే, ఎందుకంటే మిషన్‌లో పావు భాగం కోసి వెనక్కి ఇవ్వలేం కదా.

ఇంక ముందు ఎవరు పంపాల? ఊళ్లో మాట తేడా వస్తే కాణిపాకం పోయి ప్రమాణం చేద్దాం రా అంటాం, ఫోన్‌లో ప్రొఫైల్ ఫోటోని యాడికి రమ్మంటాం? బస్సు పార్సిల్‌లో వేద్దామంటే రొండు పక్కలా ఖర్చు, పైగా గ్రైండర్ రాయి దార్లో పగిలితే ఎవరిది నష్టం? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 120వ సెక్షన్ ప్రకారం మార్పిడిలో ఇచ్చే వస్తువుకి నువ్వే అమ్మేవాడివి, తీసుకొనే వస్తువుకి నువ్వే కొనేవాడివి. నా మాట కూడా అదే, రొండు బాధ్యతలూ ఒక్క మనిషి మీద ఒకేసారి పడతాయి, అందుకే ప్రతి కష్టం రెట్టింపు అయితాది.

డబ్బులకి అమ్మితే కష్టాలు లేవా అంటే ఉండాయి. అడ్వాన్స్ పంపతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు అని మోసం చేసేవాళ్లు ఉండారు. గుర్తు పెట్టుకోండి, యూపీఐ పిన్ డబ్బులు పోవడానికే, రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. ఇంకోటి, డబ్బులకి అమ్మితే అకౌంట్‌లో పడినాయా లేదా అని నువ్వే చూసుకోవచ్చు, నిమిషం పని. గ్రైండర్ బాగుందా లేదా అనేది నిమిషంలో తేలదు.

[పూతలపట్టు వీడియో క్లిప్]

చివరికి తిరుపతి-చిత్తూరు దార్లో కలుద్దామని పూతలపట్టు కాడ టీకొట్టుకి పోయినాం, మేము మిషన్ ఆటోలో వేసుకొని, వాళ్లు గ్రైండర్ స్కూటర్ ముందర పెట్టుకొని. టీకొట్టాయన ప్లగ్ ఇచ్చినాడు, స్విచ్ వేస్తే గ్రైండర్ బ్రహ్మాండంగా తిరిగింది. నేను సరే అనబోయినా. అమ్మ సంచిలోంచి క్యారియర్ తీసింది, పొద్దున్నే బియ్యం నానేసి తెచ్చింది! రొండు పిడికిళ్లు వెయ్యంగానే మోటార్ శబ్దం వస్తా ఉంది, రాయి మాత్రం నిలబడిపోయింది. బెల్టు వదులైపోయింది, ఖాళీగా తిప్పితే ఆ సంగతి తెలిసేదే కాదు. అక్క కూడా గుడ్డముక్క తెచ్చింది, మిషన్ మీద ఒక వరస కుడితే అడుగున దారం ఉండలు కట్టింది, అమ్మ పై దారం బిగువు కొంచెం సరిచేసి, ఇంకో వరస కుట్టి చూపించింది. బెల్టు వదులైన సంగతి అక్కకి తెలియదు, ఆమె ఆ గ్రైండర్ వాడి చాన్నాళ్లయింది. బెల్టు కోసం అక్క పైన ఇంకో 300 ఇచ్చింది, ఇద్దరం ఒక కాగితం మీద ఏం ఇచ్చినామో ఏం తీసుకున్నామో రాసి సంతకాలు పెట్టి ఫోటో తీసుకున్నాం.

తిరుపతికి వచ్చి బెల్టు మార్పించినా. మొన్న ఇదే గ్రైండర్‌లో దోశల పిండి రుబ్బతా ఉంటే అక్క ఫోటో పంపింది, తను కుట్టిన మొదటి జాకెట్. చంక కాడ కొంచెం ముడత ఉంది అని అమ్మ వెంటనే ఫోన్ చేసి, అరగంట సేపు కత్తిరింపు చెప్పింది.