ప్రతివాది ఎవరు?

(హైదరాబాద్, చిక్కడపల్లిలో పోటీ పరీక్షలకు చదువుతున్న యువతీ యువకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

"ఆధునిక స్త్రీవాదం, స్త్రీ పురుషుల సంఘర్షణ" అని నాకు అంశం ఇచ్చారు. గ్రంథాలయం చుట్టుపక్కల ఇరుకు గదుల్లో అద్దెకుంటూ రాత్రీ పగలూ చదువుతున్న మీ ముందు ఈ సంగతి మాట్లాడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. మహిళా రిజర్వేషన్ మీద మాట మొదలైతే చాలు, ఒకే బల్ల దగ్గర చదువుకునేవాళ్లు కూడా ముఖాలు తిప్పుకుంటున్నారని నిర్వాహకులు చెప్పారు. అంటే సంఘర్షణ ఎక్కడో లేదు, మీ మధ్యనే ఉంది.

నేను న్యాయవాదిని, కుటుంబ తగాదాలు చూస్తాను. కక్షిదారు ఎవరు వచ్చినా మేము ముందు రెండు విషయాలు తేల్చుకుంటాం. జరిగిన నష్టం నిజమేనా? నిజమైతే దానికి జవాబుదారీ ఎవరు? నష్టం నిజమైనా, సంబంధం లేని మనిషిని ప్రతివాదిగా చేరిస్తే ఆ దావా నిలవదు. ఇవాళ మగవాళ్లు ఆడవాళ్ల మీద మోపుతున్న ఫిర్యాదుల్లో చాలావాటికి ఉన్న లోపం అదే. మగవాళ్ల బాధ అబద్ధమని నేను అనను. ప్రతివాదిని తప్పుగా చేర్చుకున్నారని అంటాను.

బస్సుతో మొదలుపెడతాను. 2023 డిసెంబరు 9న మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. సాయంత్రం వేళ కోఠిలో బస్సెక్కే ఎవరికైనా ఆ తర్వాతి తగువు తెలుసు. కండక్టరు జీరో టికెట్లు వరసగా ఇస్తూ ఉంటారు. డబ్బిచ్చి టికెట్టు కొన్న ఒకాయన కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఉంటాడు. కాసేపటికి ఆయన గొంతు లేస్తుంది: "డబ్బులిచ్చేది మేము, కూర్చునేది వీళ్లు. పనీ పాటా లేకుండా ఊరు తిరుగుతున్నారు." ఆ మాట పడ్డ ఆవిడ అబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుంది. పొద్దుటినుంచి అమ్మకాల బల్ల వెనక నిలబడే ఉంది. ఒళ్లో ఖాళీ టిఫిన్ డబ్బా, కాళ్ల దగ్గర కూరగాయల సంచి. రోజంతటిలో ఆవిడ కూర్చున్నది ఆ సీట్లోనే. ఆయన కాళ్లూ అంతే నొప్పిగా ఉండవచ్చు. ఎక్కేవాళ్లు పెరిగినప్పుడు బస్సులు పెరగాలి. పెంచవలసిన వాళ్లు ఆ బస్సులో లేరు, కనుక కోపమంతా ఎదురుగా ఉన్న ఆవిడ మీద పడింది.

ఆటోవాళ్ల సంగతి ఇంతకంటే బరువైనది. షేర్ ఆటోలకు గిరాకీ పడిపోయింది, ఫైనాన్స్ వాయిదా మాత్రం నెల తిరిగేసరికి వచ్చి నిలబడుతుంది. ఏటా 12 వేల రూపాయలు ఇస్తామని ఎన్నికలప్పుడు చెప్పిన మాట నిలబెట్టుకోమని వాళ్లు ధర్నాలు చేశారు. ఆ ధర్నాలతో నాకు పేచీ లేదు, అడగవలసిన వాళ్లనే అడిగారు. పేచీ ఎక్కడంటే, "ఆడవాళ్లకు ఫ్రీ ఇవ్వడం వల్లే మా బతుకు పోయింది" అన్న మాట దగ్గర. ఆటో నడిపే మనిషి భార్య కూడా పనికి పోవడానికి అదే బస్సెక్కుతుంది. ఆమెకు మిగిలిన చార్జీ డబ్బు ఆ ఇంటి ఉప్పూ పప్పులోకే వెళ్తుంది.

ఇప్పుడు మీ బల్ల దగ్గరికి వస్తాను. ఉద్యోగాల్లో మహిళలకు మూడో వంతు రిజర్వేషన్ సమాంతరమైనది. ప్రతి కేటగిరీ లోపల కనీసం అంతమంది మహిళలు ఉండాలన్న లెక్క. మెరిట్‌లోనే అంతమంది వచ్చేస్తే, దాని పేరుతో అదనంగా ఒక్క పోస్టు కూడా ఇవ్వరు. సుప్రీంకోర్టు 2007లోనే ఈ సంగతి విడమరిచి చెప్పింది. మరి మీ ఏళ్లు ఎక్కడ పోయాయి? రాష్ట్రం వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో వచ్చింది, 503 పోస్టులకు. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. ఈ మధ్యలో ఎందరి వయసు దాటిపోయిందో, ఎందరి నాన్నలు పొలం తాకట్టు పెట్టారో నాకంటే మీకు బాగా తెలుసు. ఇందులో మీ పక్కన కూర్చున్న అమ్మాయి పాత్ర ఏముంది? పరీక్ష రద్దయిన రోజు మీకు ఇంటి నుంచి వచ్చిన ఫోనులో "ఇంకోసారి రాయి నాన్నా" అన్నారు. ఆమెకు వచ్చిన ఫోనులో "ఇక చాలు, సంబంధం చూశాం, వచ్చేయ్" అన్నారు.

మీలో చాలామంది ఎదురుచూస్తున్న సంగతి 498ఎ అని నాకు తెలుసు. భార్యను హింసించే భర్తను, అతని బంధువులను శిక్షించడానికి 1983లో ఐపీసీలో చేరిన సెక్షన్ అది. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. దుర్వినియోగం జరుగుతోందా అంటే, జరుగుతోంది. ఎక్కడో దూరాన కాపురం చేసుకుంటున్న ఆడపడుచు పేరు, మంచం దిగలేని మామగారి పేరు ఫిర్యాదులో చేర్చడం నేను చూశాను. చేర్చమని సలహా ఇచ్చేవాళ్లలో మా నల్లకోటు వాళ్లూ ఉంటారు. అది అన్యాయం. ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో, 498ఎతో సహా, యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పు అది. 2024 డిసెంబరులో బెంగళూరులో ఒక యువకుడు భార్యతో కేసుల నడుమ ప్రాణం తీసుకున్న వార్త చదివి నేను కూడా తట్టుకోలేకపోయాను. అతని బాధను వెక్కిరించిన వాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకూ స్త్రీవాదానికీ సంబంధం లేదు.

అయితే రెండో వైపు కూడా చూడాలి. కట్నం తీసుకోవడం 1961 నుంచి నేరం. జాతీయ నేర గణాంకాల ప్రకారం ఒక్క 2022లోనే 6,400కు పైగా వరకట్న మరణాలు నమోదయ్యాయి. అంటే రోజుకు పదిహేడుకు తక్కువ కాదు. వీళ్లలో ఎవరూ సెక్షన్‌ను దుర్వినియోగం చేయడానికి బతికి లేరు.

ఒక జంట గురించి చెబుతాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇద్దరికీ గచ్చిబౌలి వైపు ఉద్యోగాలు. మధ్యవర్తిత్వానికి వచ్చి మొదటి గంటంతా పొద్దుటి టిఫిన్ గురించే వాదించుకున్నారు. కోడలు ఏడింటిదాకా లేవదని అత్తగారి ఫిర్యాదు. రాత్రి ఒంటిగంట దాకా అమెరికా వాళ్లతో కాల్స్‌లో ఉంటానని కోడలి జవాబు. ఇంతలో ఆ అబ్బాయి జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీశాడు. ఫ్లాటు ఈఎంఐ, నాన్న మందులు, కారు వాయిదా, చెల్లెలి పెళ్లి అప్పు వరసగా రాసి ఉన్నాయి. కింద తన జీతం. మొత్తం జీతాన్ని దాటిపోయింది. ఆ కాగితాన్ని భార్య అప్పుడే మొదటిసారి చూసింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, "మగవాణ్ణి, చేతకాదని ఎలా చెప్పుకోను?" అన్నాడు. ఆమె చెల్లెలి పెళ్లి అప్పు మీద వేలు పెట్టి, "ఇది కట్నం కోసం చేసిందేనా?" అని అడిగింది. అవునన్నాడు. "మా నాన్న మీకు ఇచ్చింది కూడా ఇలాంటి అప్పే. ఆయన ఇంకా కడుతున్నాడు" అంది.

ఆ గదిలో రెండు కుటుంబాలూ అప్పుల్లో ఉన్నాయి. ఇద్దరిలో ఎవరూ ఆ అప్పు తమ కోసం చేసుకోలేదు. అయినా ఒకరి మీద ఒకరు కేసులు వేసుకున్నారు. కట్నం వద్దని స్త్రీవాదులు అన్నప్పుడు అది ఆడపిల్లల గొడవే అనుకున్నారు. ఆ అబ్బాయి కాగితంలో ఒక పెద్ద అంకె ఆ గొడవలోంచే వచ్చింది.

టిఫిన్ తగువు చిన్నదని కూడా అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఆ పని చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఆడపిల్లను ఉద్యోగానికి పంపే దాకా మన ఇళ్లు మారాయి. మగపిల్లవాడిని వంటింట్లోకి పంపే దాకా మారలేదు. ఇవాళ కాపురాల్లో కనబడే రాపిడిలో సగం ఈ తేడాలోనే ఉంది. మీ అమ్మ మీకు పని చెప్పలేదు, అది మీ తప్పు కాదు. ఇప్పుడు నేర్చుకోకపోతే మాత్రం మీ తప్పే.

కొన్ని చోట్ల ప్రతివాది మగవాడే. అక్కడ నేను మాట దాటవేయను. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా భర్త చేతి హింస ఎదుర్కొన్నామని చెప్పారు. చెయ్యెత్తినవాడే దానికి జవాబుదారీ. అప్పులు, తాగుడు, పై అధికారి తిట్లు, ఇవేవీ సాకులు కావు. కానీ అదే సర్వేలో ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు మన రాష్ట్రంలో 80 శాతం దాటారు. ఆ అంకె చూశాక కూడా దీన్ని ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు నిలబడిన యుద్ధమని ఎలా అంటాం? కొట్టే చేతికి నేర్పినవాళ్లలో తల్లులూ ఉన్నారు.

మగవాళ్ల ఆత్మహత్యల లెక్కను చాలామంది స్త్రీవాదుల మీదికి విసురుతారు. ఆ లెక్కను నేను పట్టించుకోమంటాను. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. నూటికి 72 మంది దాకా మగవాళ్లే. వృత్తుల వారీగా చూస్తే అందరికంటే ఎక్కువ మంది రోజుకూలీలు, మొత్తంలో నాలుగో వంతుకు పైగా. కూలీ దొరకని రోజు, వైద్యానికి చేసిన అప్పు, ఎవరికీ చెప్పుకోలేని మగతనం. వీటిలో ఏది స్త్రీవాదులు తెచ్చిపెట్టారు? మగవాడు ఏడవకూడదన్న కట్టుబాటును ప్రశ్నించింది వాళ్లే కదా.

మన నేల మీద ఈ ఉద్యమం ఎలా పుట్టిందో కాస్త వెనక్కి వెళ్లి చూడండి. 1978లో ఇక్కడికి కూతవేటు దూరంలో, నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక పేద ముస్లిం స్త్రీపై పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త రిక్షా తొక్కేవాడు. అడిగినందుకు అతన్ని కొట్టి చంపారు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. విచారణ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. చివరికి కోర్టులో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. ఈ నగరంలో స్త్రీ శక్తి సంఘటన వంటి సంఘాలు పుట్టిన రోజులవి. ఆ స్టేషన్‌లో చితికిపోయింది ఒక ఆడదీ ఒక మగవాడూ, ఇద్దరూ. వీధుల్లోకి వచ్చినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకునే తరగతుల్లో తమ కష్టాలు మాట్లాడుకున్నారు. కూలి డబ్బంతా సారా కొట్టుకు పోతోంది, ఇంటికి దెబ్బలు వస్తున్నాయి. వాళ్ల మొగుళ్లే కొట్టారు, అందులో సందేహం లేదు. అయినా రోశమ్మ, ఆమె తోటివాళ్లు మొగుళ్ల దగ్గరే ఆగిపోలేదు. సారా ఎవరు అమ్ముతున్నారు, వేలంపాటలు ఎవరు వేస్తున్నారు, ఖజానాకు ఎంత వెళ్తోంది అని అడిగారు. కొట్లు మూయించారు, జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, రెండేళ్లకే సడలించారు. సర్కారుకు ఆ రాబడి కావలసి వచ్చింది. ఈ పోరాటంలో బాగుపడింది ఎవరు? ఆడవాళ్ల ఒళ్లు దెబ్బలు తప్పించుకుంది, మగవాళ్ల కాలేయాలూ బాగుపడ్డాయి. ప్రతివాదిని పోల్చుకోవడం అంటే నా దృష్టిలో ఇదే. చదువు రాని ఆడవాళ్లు మనకంటే ముందే ఆ పని చేశారు.

మా వైపు లోపాలు లేవని కాదు. "మగజాతే ఇంత" అని ఫోనులో రెండు ముక్కలు రాసి స్త్రీవాదం అయిపోయిందనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లతో నాకు ఏకీభావం లేదు. 2019లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలిపై ఘోరం జరిగినప్పుడు, డిసెంబరు 6న నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్ చేస్తే నగరమంతా పూలు చల్లింది. ఆ రోజు ఎదురు నిలబడి ప్రశ్నించినవాళ్లలో స్త్రీవాదులు ఉన్నారు. తిట్లు తిన్నారు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తర్వాత చెప్పింది. పేదింటి మగపిల్లలకు విచారణ హక్కు ఉందని అడిగిన ఆడవాళ్లను మగవాళ్ల శత్రువులని ఎలా అంటారు?

ఇంకొక్క మాట, ముఖ్యంగా తమ్ముళ్లకు. కూతురికి పూర్వీకుల ఆస్తిలో సమాన వాటా ఇస్తూ మన ఉమ్మడి రాష్ట్రం 1986లోనే చట్టం తెచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా ఇవాళ్టికీ నాన్న పోయిన కొన్నాళ్లకు అక్కను కారులో ఎక్కించుకుని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకువెళ్లి, హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించి, చీర పెట్టి పంపిస్తున్నారు. "కట్నం ఇచ్చాం కదా" అంటారు. ఇచ్చిన కట్నం ఆమె పేరున ఎక్కడైనా ఉందా? అది మరో ఇంటి అబ్బాయి ఫ్లాటులో కలిసిపోయింది. కట్నం కేసులంటే భయపడే ప్రతి అన్నా ముందు చెల్లెలికి వాటా రాసి, తన పెళ్లిలో కట్నం వద్దనవచ్చు. అప్పుడు ఆ భయానికి ఆస్కారమే తగ్గిపోతుంది.

రేపు మీలో కొందరు డీఎస్పీలవుతారు, ఆర్డీవోలవుతారు, సబ్ రిజిస్ట్రార్లవుతారు. దెబ్బలు తిన్న అమ్మాయీ, అబద్ధపు ఫిర్యాదులో ఇరుక్కున్న అబ్బాయీ ఇద్దరూ మీ బల్ల ముందుకే వస్తారు. చెల్లెలి చేత సంతకం పెట్టించే అన్న కూడా వస్తాడు. ఆమెను ఒక్క నిమిషం పక్కకు పిలిచి, "అమ్మా, ఇది మీ ఇష్టప్రకారమేనా?" అని అడగడానికి ఏ కొత్త జీవో అక్కర్లేదు.

నేను చెప్పవలసింది చెప్పాను. ఇక మీరు అడగండి. 498ఎ మీద కోపం ఉన్న తమ్ముళ్లకు ముందు మైకు ఇవ్వమని నిర్వాహకులను కోరుతున్నాను.