సర్దే ముందు ఒక్క మాట

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఈ శాఖా గ్రంథాలయాన్ని ఏడాది పొడుగునా తెరిచి ఉంచుతున్న సిబ్బందికి, పొద్దున్నే పేపరు కోసం వచ్చి సభ కోసం ఆగిన పాఠకులకు పేరు పేరునా నమస్కారాలు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా మనం ఇలా కలుసుకుంటున్నాం. నన్ను పుస్తక పఠనం గురించి మాట్లాడమన్నారు. దాని గురించి నాకంటే బాగా చెప్పేవాళ్ళు వేదిక మీదే ఉన్నారు. నేను టొరెంటుతో దించుకునే పుస్తకాల ఫోల్డర్ల గురించి మాట్లాడతాను. ఏడాదిగా నా మనసులో ఉన్న సంగతి ఇది, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ చెప్పుకోను?

టొరెంటు అనగానే పైరసీ సినిమాలే గుర్తొస్తాయి. ఆ పేరు అలా చెడింది. 2001లో బ్రామ్ కోహెన్ రాసిన ఈ పద్ధతి అసలు పుట్టింది పెద్ద పెద్ద ఫైళ్ళను ఒక్కడి నెత్తిన పడకుండా పదిమందీ తలా కాస్త మోసి చేరవేయడానికి. కంప్యూటర్లను నడిపే ఉచిత సాఫ్ట్‌వేరు లినక్స్‌ను ఇలాగే పంచుతారు. నెట్‌లో ఉచిత గ్రంథాలయం నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు 2012లో తమ దగ్గరున్న పది లక్షలకు పైగా అంశాలకు టొరెంట్లు పెట్టారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన మన తెలుగు పుస్తకాలు బోలెడు అక్కడే ఉన్నాయి. రచయిత కాలం చేసి 60 ఏళ్ళు దాటితే మన చట్టం ప్రకారం ఆ రచన అందరిదీ.

సరే, అలాంటి పుస్తకం ఒకటి దించారనుకోండి. ఫోల్డరు తెరిస్తే పేరేముంటుంది? ‘ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డిఎల్ఐ డాట్ 2015’, దాని వెనక ఒక అంకె. పుస్తకం పేరు లేదు, రచయిత పేరు లేదు. ఎవరికైనా చెయ్యి ఊరుకోదు, మార్చేస్తాం.

మార్చకండి. దయచేసి బయటినుంచి మార్చకండి.

ఎందుకో చెబుతాను. టొరెంటు ఫైలులో పుస్తకం ఉండదు, జాబితా ఉంటుంది. పై ఫోల్డరు పేరేంటి, లోపల ఏ దారిలో ఏ ఫైలుంది, ఒక్కొక్కటి ఎన్ని బైట్లు, ఇదంతా అందులో రాసి ఉంటుంది. సాఫ్ట్‌వేరు ఆ జాబితా చూసుకుని మన డిస్కు మీద అవే ఫోల్డర్లు కడుతుంది. తర్వాత ఇంకొకరికి ఇవ్వాలన్నా అవే పేర్లతో వెతుక్కుంటుంది. క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంటు సాఫ్ట్‌వేరులో మనం చెబితే, దిగుతున్నంతసేపూ ఫైలును వేరే ఫోల్డరులో ఉంచి పేరు చివర ‘డాట్, ఆశ్చర్యార్థకం, క్యూబీ’ అని తోక తగిలిస్తుంది. పూర్తవగానే తోక తీసేసి అసలు చోటికి చేరుస్తుంది. ట్రాన్స్‌మిషన్ అనే ఇంకో సాఫ్ట్‌వేరులో అయితే ఆ తోక ‘డాట్ పార్ట్’. తోక ఉన్న ఫైలు తెరుచుకోలేదని పారేసిన వాళ్ళను చూశాను. అది పాడైపోలేదు, ఇంకా వస్తోంది.

ఇంకో సంగతి. మామూలు టొరెంటులో ఫైళ్ళన్నిటినీ ఒకదాని చివర ఒకటి అతికించి, ఒకే పొడుగు పట్టీగా చూసి, సమానంగా ముక్కలు కోస్తారు. ఒక్కో ముక్కకు 20 బైట్ల వేలిముద్ర, అంటే ముక్క మారలేదని సరిచూసుకునే గుర్తు. ఒకే ముక్కలో పుస్తకం చివరి పేజీ, పక్కనున్న, పుస్తకం వివరాలుండే బుల్లి ఎక్స్ఎంఎల్ ఫైలు మొదలు రెండూ ఉండొచ్చు. రెండు కేబీల చెత్త కదా అని ఆ బుల్లి ఫైలు తీసేస్తే, పక్క పుస్తకం చివరి ముక్క కూడా ఇంకెవరికీ ఇవ్వడానికి పనికిరాదు. రెండో తరం టొరెంట్లలో ప్రతి ఫైలుకూ లెక్క వేరుగా ఉంటుంది గానీ, పాతవే ఇంకా ఎక్కువ.

ఇక నా గోడు. నేనూ, ఇద్దరు మిత్రులూ ఒక ఇంటి అటక మీది పాత పత్రికలు స్కాన్ చేసి ఒక టొరెంటు చేశాం. 340 ఫైళ్ళు, 41 జీబీ. పూర్తిగా ఉన్నది మా కంప్యూటరు ఒక్కదానిలోనే. నేను పెళ్ళికని నాలుగు రోజులు ఊరెళ్ళాను. సాయం చేసే కుర్రాడు, మంచివాడు, ఎంతో శ్రద్ధగా ఫోల్డర్లన్నిటికీ తెలుగులో పేర్లు పెట్టాడు. “మాస్టారూ, అంతా సర్దేశాను” అని ఫోను. అదే రాత్రి ఎక్కడో దూరాన పరిశోధన చేసుకుంటున్న ఒకమ్మాయి నుంచి మెయిలు: “97 శాతం దగ్గర ఆగిపోయిందండీ, మూడు రోజులుగా కదలడం లేదు.”

తెలుగు పేర్ల గురించి ఇక్కడే ఒక మాట. ‘శ్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటరుకు అది శకారం, పొల్లు, రేఫ, దీర్ఘం, మొత్తం నాలుగు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే 12. లినక్సులో ఫైలు పేరుకు 255 బైట్లే హద్దు. మన పత్రికల పొడుగాటి పేరు, సంవత్సరం, మాసం, సంచిక అన్నీ రాస్తే హద్దు దాటిపోవచ్చు. తెలుగులో పెట్టొద్దని కాదు, పొట్టిగా పెట్టండి.

తిరిగొచ్చి చూస్తే తెర మీద ఎర్రగా ‘ఫైళ్ళు లేవు’ అని ఉంది. ఫైళ్ళన్నీ అక్కడే ఉన్నాయి! పేర్లు మారాయి కాబట్టి దానికి కనబడలేదు. కుర్రాడి కళ్ళలో నీళ్ళు. నాకు కోపం వచ్చింది గానీ వాడి మీద కాదు, చెప్పకుండా వెళ్ళినందుకు నా మీదే. ఇద్దరం కూర్చున్నాం. జాబితాలో ప్రతి ఫైలు బైట్ల లెక్క ఉందన్నాను కదా, అదే పట్టుకున్నాం. వాడు చదవడం, నేను నోట్‌బుక్కులో వెతికి టిక్కు పెట్టడం. రెండు రాత్రుళ్ళు పట్టింది. 339 దొరికాయి. ఒకటి దేనికీ సరిపోలేదు.

అప్పుడు వాడు మెల్లగా చెప్పాడు. 1926 సంచికలో ఒక పేజీ తలకిందులుగా స్కానయితే, తిప్పి సేవ్ చేశాడట. బైట్లు మారిపోయాయి, వేలిముద్రలు కలవలేదు. మా దగ్గర వేరే ప్రతి లేదు. ఆ అటక మీది కాగితాలు అప్పటికే తూకానికి వెళ్ళిపోయాయి.

మిగతావి పాత పేర్లతో పెట్టి, ఉన్న ఫైళ్ళను మళ్ళీ సరిచూసే ‘రీచెక్’ నొక్కి వదిలాం. కాసేపటికి ఆ సంచిక మా కంప్యూటరులోకి దిగడం మొదలైంది. ఎక్కడినుంచి? ఆ అమ్మాయి కంప్యూటరు నుంచి! 97 శాతంలో ఆ సంచిక మొత్తం ఆమె దగ్గరుంది. ఆమెకు కావలసిన మూడు శాతం మా నుంచి వెళ్తోంది, మాకు కావలసిన ఒక్క సంచిక ఆమె నుంచి వస్తోంది, ఒకే సమయంలో. కుర్రాడు తెర మీద చెయ్యి పెట్టి చూపించాడు. ఆ పేజీ ఇప్పటికీ తలకిందులుగానే ఉంది.

గ్రంథాలయంలో పనిచేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. పుస్తకం మీది యాక్సెషన్ నంబరు అందంగా లేదని చెరిపేస్తామా? రిజిస్టరు చూసుకుంటాం. ఇదీ అంతే. పేర్లు వేరే నోట్‌బుక్కులో రాసుకోండి. తప్పదు, మార్చాలి అంటే సాఫ్ట్‌వేరు లోపలే ఆ టొరెంటు మీద క్లిక్ చేసి మార్చండి, ఏ పేరుకు మార్చామో అది గుర్తుంచుకుంటుంది. చోటు మార్చాలన్నా ‘సెట్ లొకేషన్’ అని లోపలే ఉంది.

టీ ఇచ్చేలోగా ఆ మూల కంప్యూటరు దగ్గర ఉంటాను. కుర్రాడు కూడా వచ్చాడు. పెన్‌డ్రైవులు తెచ్చుకున్నవాళ్ళు అటు రండి, ఎలా మార్చాలో వాడే చేసి చూపిస్తాడు.