రీసెర్చ్ వదిలేసి వైజాగ్ వచ్చేస్తే పనేముంటుంది?

నమస్కారం అండీ. ముంబైలో ఒక ఫండ్ హౌస్‌లో ఈక్విటీ రీసెర్చ్, అంటే కంపెనీల లెక్కలు చదివి ఏ షేర్ కొనాలో అమ్మాలో చెప్పే పని, చేస్తున్న మన వైజాగ్ కుర్రాడు మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఈ పని ఇక నా వల్ల కాదు. ఇంటికొచ్చేస్తే నాకు అక్కడ ఎవరు ఉద్యోగమిస్తారు?" అని అడిగాడు. ఇలాంటి ఆలోచనలో ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే ఈ వీడియో.

ముందు, మీ విసుగు పని మీదా, ఫలితాల సీజన్ మీదా అన్నది తేల్చుకోండి. లిస్టెడ్ కంపెనీలు క్వార్టర్ ముగిసిన 45 రోజుల్లో ఫలితాలు చెప్పాలి, మార్చి క్వార్టర్‌కైతే 60 రోజులు. ఆ రోజుల్లో పగలంతా కాన్ఫరెన్స్ కాల్స్, రాత్రి ఆ కంపెనీ మీద నోట్, అంటే రిపోర్ట్, రాయడం. అప్పుడు ఎవరికైనా మానేయాలనే అనిపిస్తుంది. ఆ హడావుడి తగ్గాక కూడా బ్యాలెన్స్ షీట్ తెరవబుద్ధి కావడం లేదంటే ఆలోచించాల్సిందే. ఈ ఉద్యోగం భవిష్యత్తు మీద భయం కూడా ఊరికే పుట్టింది కాదు. ఈపీఎఫ్‌ఓ లాంటి సంస్థే 2015 నుంచి ఇండెక్స్ ఈటీఎఫ్‌లలో, అంటే నిఫ్టీ లాంటి సూచీలోని షేర్లన్నీ అదే లెక్కలో కొనేసే ఫండ్లలో, డబ్బు పెడుతోంది. ఆ డబ్బుకి షేర్లు ఏరిపెట్టే అనలిస్ట్ అక్కర్లేదు.

ఇక వైజాగ్ సంగతి. పరవాడలో ఫార్మా ఉంది, పోర్టు చుట్టూ లాజిస్టిక్స్ ఉంది. కానీ నాకు ముందుగా గుర్తొచ్చేది రొయ్యల ఎగుమతి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ముంబైలో అనలిస్ట్ ఈపీఎస్ (ఒక్కో షేర్‌కి వచ్చే లాభం) అంచనా తగ్గించి నోట్ పంపేశాడు. ఇక్కడ కంపెనీ ఫైనాన్స్ మేనేజర్‌కి పని అప్పుడే మొదలైంది. సరుకు కోల్డ్ స్టోరేజ్‌లో ఉంది, రైతుకి డబ్బు ఇవ్వాలి, కొనేవాడు ధర తగ్గించమంటున్నాడు. ఎగుమతి సరుకు సిద్ధం చేసుకోడానికి బ్యాంకు ఇచ్చిన అప్పు, అదే ప్యాకింగ్ క్రెడిట్, గడువు దగ్గరపడుతోంది. బ్యాంకుకిచ్చే సరుకు లెక్కలో, అంటే స్టాక్ స్టేట్‌మెంట్‌లో, విలువ తగ్గిస్తే డ్రాయింగ్ పవర్ తగ్గుతుంది, అంటే చేతికందే అప్పూ తగ్గుతుంది. రాబోయే డాలర్లకి ఇప్పుడే రేటు ఖాయం చేసుకునే ఫార్వర్డ్ కవర్ తీసుకోవాలా, ఆగాలా? క్యాష్ ఫ్లో చదవడం వచ్చిన మనిషి విలువ తెలిసేది ఇలాంటప్పుడే. మీరు ఇన్నేళ్లు నేర్చుకున్నది ఇక్కడ బాగా పనికొస్తుంది.

జీతం మాత్రం తగ్గుతుంది, ముఖ్యంగా బోనస్. ఇంటి లోన్ ఉంటే ఆ లెక్క ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. బ్యాంకుల క్రెడిట్ విభాగాలు, రేటింగ్ ఏజెన్సీలు కూడా మంచి దారులే. సొంతంగా రీసెర్చ్ అమ్ముదామంటే షేర్ మార్కెట్‌ని చూసే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్, దానికి కావాల్సిన ఎన్‌ఐఎస్‌ఎం పరీక్ష తప్పవు. రిజిస్ట్రేషన్ లేకుండా టెలిగ్రామ్‌లో టిప్స్ ఇవ్వడం జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. నష్టపోయేది మనూళ్లో పెన్షన్ డబ్బు పెట్టుకునే పెద్దవాళ్లే.

వచ్చేటప్పుడు కంపెనీ మోడల్ ఫైళ్లు (లాభాల అంచనాలు కట్టే ఎక్సెల్ షీట్లు) మీ మెయిల్‌కి పంపుకోకండి, అవి మీవి కావు. లిస్టెడ్ కంపెనీ ఫైనాన్స్‌లో చేరితే, క్వార్టర్ ముగిసినప్పటి నుంచి ఫలితాలొచ్చిన 48 గంటల వరకు ఆ కంపెనీ షేర్లు మీరు కొనకూడదు, అమ్మకూడదు.

ఆ తమ్ముడికి నేను చెప్పింది ఒక్కటే. రాజీనామా ఇప్పుడే ఇవ్వకు. సంక్రాంతికి వస్తావు కదా, తెలిసిన ఎగుమతిదారుడి దగ్గర కూర్చుని, అప్పు కోసం బ్యాంకుకి ఇచ్చే లెక్కలు, అంచనాల పట్టిక, అదే సీఎంఏ డేటా, ఒక్కసారి నీ చేత్తో తయారు చెయ్యి. అది చేస్తుంటే టైమ్ తెలియకపోతే వచ్చెయ్. విసుగనిపిస్తే ఇంకో దారి వెతుకుదాం.