రక్తంలో ఈస్ట్ పెరిగిందని రిపోర్టు వచ్చినప్పుడు

నమస్కారం. ఐసీయూలో ఉన్న రోగి బ్లడ్ కల్చర్ (రక్తంలో సూక్ష్మజీవులుంటే సీసాలో పెంచి చూసే పరీక్ష) రిపోర్టులో ‘ఈస్ట్ పెరిగింది’ అన్న ఒక్క మాట వచ్చిందనుకుందాం. చర్మం మీది బ్యాక్టీరియా పొరపాటున కల్చర్ సీసాలోకి చేరడం మామూలే కాబట్టి, ఇదీ అలాంటిదేనని పక్కన పెట్టాలనిపించవచ్చు. అలా పెట్టకూడదు. రక్తంలో కాండిడా (ఈస్ట్ రకపు ఫంగస్) ఒక్క సీసాలో పెరిగినా దాన్ని నిజమైన ఇన్ఫెక్షన్‌గానే పరిగణించి చికిత్స మొదలుపెట్టాలి. ఈ స్థితినే కాండిడీమియా అంటారు.

రిపోర్టులో ఏమీ పెరగలేదని వస్తే మాత్రం అంత ధీమా పనికిరాదు. కాండిడా శరీరంలో లోతుగా పాతుకుపోయిన రోగులందరినీ కలిపి చూస్తే, బ్లడ్ కల్చర్ సుమారు సగం మందిలోనే దాన్ని పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడైనా పెరుగుదల కనబడటానికి తరచుగా రెండు మూడు రోజులు పడుతుంది. అంటే ఈ పరీక్ష అవునంటే పూర్తిగా నమ్మాలి, కాదంటే సగమే నమ్మాలి. ఫంగస్ కణగోడలో ఉండే పదార్థాన్ని రక్తంలో వెతికే బీటా-డి-గ్లూకాన్ పరీక్ష ఇందుకు భిన్నం: అది నెగెటివ్‌గా వస్తే కొంత భరోసా ఇస్తుంది గానీ, కొన్ని రకాల డయాలిసిస్ పొరలు, ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల) ఇంజెక్షన్ల వల్ల కూడా పాజిటివ్ కావచ్చు.

ఇంతకీ ఈ ఫంగస్ రక్తంలోకి ఎలా వస్తుంది? చాలాసార్లు రోగి పేగుల నుంచే. బలమైన యాంటీబయాటిక్స్ అక్కడి బ్యాక్టీరియాను తుడిచిపెడితే కాండిడాకు పోటీ తగ్గుతుంది, కడుపు ఆపరేషన్‌తో పేగు గోడ దెబ్బతింటే దారి దొరుకుతుంది, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) ఉంటే అతుక్కుని ఉండటానికి చోటు కూడా దొరుకుతుంది. నరం ద్వారా పోషకాహారం అందుతున్నవారు, తెల్లరక్తకణాలు పడిపోయినవారు, నెలలు నిండకుండా పుట్టిన శిశువులు ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. కాండిడా పారాప్సిలోసిస్ అనే జాతి మాత్రం సిబ్బంది చేతుల నుంచి లైన్‌కు చేరగలదు.

కాండిడా ఆరిస్ కథ వేరు. దీన్ని 2009లో జపాన్‌లో ఒక రోగి చెవి నుంచి సేకరించిన నమూనాలో కొత్త జాతిగా వర్ణించారు. లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. ఇది చర్మం మీద, మంచాల మీద, పరికరాల మీద చాలాకాలం నిలిచి, ఒక రోగి నుంచి మరొకరికి పాకుతుంది. పాత పద్ధతి బయోకెమికల్ పరీక్షలు దీన్ని వేరే జాతిగా పొరబడేవి, పైగా చాలా నమూనాలు ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందుకు లొంగవు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ఫంగస్‌ల ప్రాధాన్య జాబితాలో అత్యంత కీలకమైన వర్గంలో ఇది ఉంది.

జాతి పేరు తేలకముందే మందు మొదలుపెట్టాలి కాబట్టి, చాలామంది రోగులకు ముందుగా ఎకినోకాండిన్‌లనే (ఇదొక ఫంగస్ మందుల వర్గం) ఇస్తారు. వాటిలో కాస్పోఫంగిన్ అయితే పెద్దవారికి తొలిరోజు 70 మిల్లీగ్రాములు, ఆపై రోజుకు 50. ఫ్లూకొనజోల్‌కు సహజంగానే లొంగని కాండిడా క్రూసీ మీద, తరచుగా మొండికేసే గ్లాబ్రాటా మీద కూడా ఇవి సాధారణంగా పనిచేస్తాయి. అయితే ఇవి కంటిలోకి, మెదడులోకి, మూత్రంలోకి సరిగా చేరవు. అందుకే మొదటి వారంలోనే కంటిపాపను పెద్దది చేసి రెటీనా చూడాలంటారు. అక్కడ మచ్చలుంటే మందు మార్చవలసి రావచ్చు. సెంట్రల్ లైన్ మీద ఫంగస్ జిగురుపొర కట్టుకుంటే మందు దాన్ని ఛేదించడం కష్టం, కనుక వీలైనంత త్వరగా ఆ లైన్ తీసేయాలి. రోగి కుదుటపడి, ఆ జాతి ఫ్లూకొనజోల్‌కు లొంగుతుందని తేలి, మళ్లీ చేసిన కల్చర్లు శుభ్రంగా వస్తే, 5 నుంచి 7 రోజుల తర్వాత ఆ మందుకు మారవచ్చు.

నా దృష్టిలో, మందు ఎంపిక కన్నా సులువుగా పొరబడే చోటు రోజుల లెక్క. ఇతర అవయవాలకు పాకని కాండిడీమియాకు 14 రోజుల చికిత్స అంటారు గానీ, ఆ 14 రోజులు మందు మొదలైన నాటి నుంచి కాదు, రక్తం శుభ్రపడిందని కల్చర్ చూపిన నాటి నుంచి లెక్కించాలి. ఆలోగా లక్షణాలు కూడా తగ్గి ఉండాలి. ఒకటో తేదీన మందు మొదలై, తొలిసారి నెగెటివ్‌గా తేలిన నమూనా ఐదో తేదీన తీసినదైతే, చికిత్స పదిహేనున కాదు, పంతొమ్మిదో తేదీ వరకు సాగాలి. రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ మళ్లీ కల్చర్ పంపమని చెప్పేది ఇందుకే. పంపకపోతే లెక్క మొదలుపెట్టడానికి తేదీయే ఉండదు.