చుట్టానికి పీట వేసిన పాట

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు నా ఎదురుగా ఉన్నది నాకు పన్నెండేళ్ళప్పుడు గిటారు నేర్పిన మాస్టారు. రాజమండ్రిలో ఉంటారు. పిల్లలకు పాఠాలు చెబుతారు, తన పాటలు తానే కట్టుకుని ఇంట్లోనే రికార్డు చేసుకుంటారు. చిత్తుగా పాడి పెట్టుకున్న డెమో దగ్గరికి బయటి వాద్యకారుడు వచ్చి కూర్చుంటే ఆ పాటకు ఏమవుతుందో మాట్లాడుకుందాం. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారం అమ్మా. మాటల కంటే ముందు ఒక ముక్క వినిపిస్తాను. మా వంటింట్లో ఫోనులో పట్టుకున్నది.

[గిటారు, సన్నగా కూనిరాగం. మధ్యలో కుక్కరు కూత. నలభై సెకన్లు.]

వ్యాఖ్యాత: కూత వచ్చినా మీరు ఆపలేదు.

మాస్టారు: ఆపితే వరుస పోయేది. పల్లవికి రెండు పంక్తుల మాటలు దొరికాయి, మిగిలినదంతా తననాలే. ఇది మనకు కొత్త కాదు. సినిమా పాటకు బాణీ ముందు పుడుతుంది. దాని మీద ఏవో డమ్మీ మాటలు వేసి కవికి ఇస్తారు. కవి ఆ కొలతకు రాస్తాడు. ట్రాక్ పాడేవారు ఒకరు పాడి పెడతారు. తరువాత అసలు గాయకుడు వచ్చి ఆ ట్రాక్ విని, దాని చోట తన గొంతు పెడతాడు. పాట అంతమంది చేతుల మీదుగా నడిచి వస్తుంది. ఇప్పుడు ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంటే చాలు, వయొలిన్ నుంచి డోలు దాకా అన్నీ మనమే పెట్టుకోవచ్చు. మా పిల్లలు తెచ్చే డెమోలు వింటుంటే నాకు భయం వేసేది అక్కడే. ఇంకొకరు కాలు పెట్టడానికి చోటు ఉండదు.

వ్యాఖ్యాత: డెమో బాగుండటం తప్పా?

మాస్టారు: బాగుండటం వేరు, నిండిపోవడం వేరు. నువ్వు గిటారు నేర్చుకునే రోజుల్లో ఇంగ్లండు బృందం బీటిల్స్ పాట ఒకటి పదే పదే వాయించేదానివి, గుర్తుందా? ఆ బృందంలో గిటారు వాయించే జార్జ్ హారిసన్ రాసిన 'వైల్ మై గిటార్ జెంట్లీ వీప్స్'.

వ్యాఖ్యాత: మరిచిపోతానా! వేళ్ళు కాయలు కాశాయి.

మాస్టారు: దాని ప్రయాణం చెబుతాను. 1968లో రిషికేశ్ నుంచి తిరిగి వచ్చాక, మే నెలాఖరులో బీటిల్స్ లండన్‌కు దగ్గరలో ఈషర్ అనే ఊళ్ళో హారిసన్ ఇంట్లో చేరారు. నాలుగు ట్రాకుల టేపు యంత్రం పెట్టుకుని కొత్త పాటలన్నీ చిత్తుగా పాడుకున్నారు. అప్పటి 27 డెమోలూ 2018లో పూర్తిగా బయటికి వచ్చాయి. అందులో ఈ పాట ఉంది. జులై 25న ఈఎంఐ స్టూడియోలో హారిసన్ మళ్ళీ పాడాడు. ఒక గిటారు, దాని మీద సన్నగా హార్మోనియం. అంతే.

వ్యాఖ్యాత: 1996లో వచ్చిన సంకలనంలో ఉన్నది అదే కదా? నాకు అసలు రికార్డు కంటే అదే ఇష్టం మాస్టారూ. అందులో తరువాత తీసేసిన ఒక చరణం కూడా ఉంది. అది పూర్తయిన పాటే అనిపిస్తుంది.

మాస్టారు: నీతో వాదించను. రాత్రి పూట ఒంటరిగా వింటే నాకూ అలాగే ఉంటుంది. అది ఒక్క మనిషి దుఃఖం. అక్కడ ఇంకెవరూ అక్కరలేదు. కానీ హారిసన్‌కు కావలసింది అది కాదు, తన బృందం మొత్తం ఆ పాటలోకి రావాలి. వాళ్ళు రాలేదు. ఆగస్టులో అందరూ కలిసి వాయించారు, నప్పలేదు. సెప్టెంబరు మొదట్లో గిటారును టేపు మీద వెనక్కి తిప్పి ఏడుస్తున్నట్టు వినిపించాలని గంటల తరబడి ప్రయత్నించారు. చివరికి సెప్టెంబరు 5న అదంతా పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. మిగిలినవాళ్ళు తన పాటను పట్టించుకోవడం లేదన్న బాధ తనకుండేదని హారిసనే తరువాత చెప్పాడు.

వ్యాఖ్యాత: ఆ మరునాడేగా హారిసన్ స్నేహితుడు, గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వచ్చింది.

మాస్టారు: సెప్టెంబరు 6న. ఇద్దరూ కారులో లండన్ వస్తుంటే, నా పాటకు వాయించకూడదా అని హారిసన్ అడిగాడు. బీటిల్స్ రికార్డుల్లో బయటివాళ్ళు వాయించరు కదా అని క్లాప్టన్ సందేహించాడు. అయితే ఏమిటి, పాట నాది అన్నాడు హారిసన్. క్లాప్టన్ అడుగు పెట్టగానే గది మారిపోయింది. అందరూ ఒద్దికగా, శ్రద్ధగా కూర్చున్నారు. మన ఇళ్ళలో చూస్తుంటాం. అన్నదమ్ములు మాటలు మానేసిన రోజున కూడా గుమ్మంలోకి చుట్టం వస్తే ఇద్దరి విస్తళ్ళూ పక్కపక్కనే పడతాయి. క్లాప్టన్ వేళ్ళు ఎంత గొప్పవో అందరూ చెబుతారు. నా దృష్టిలో అతను చేసిన పెద్ద పని వేళ్ళతో చేసినది కాదు, ఆ గదిలోకి రావడం.

వ్యాఖ్యాత: క్లాప్టన్ వాయించినది తనలా కాకుండా బీటిల్స్‌లా ఉండాలని తనే అడిగాడని చదివాను.

మాస్టారు: ఆ మాట నాకు చాలా ఇష్టం. తను వాయించినది మరీ తనలా ఉందని అతనికి అనిపించింది. అందుకని మిక్సింగ్‌లో, అంటే విడివిడి ట్రాకులను కలిపేటప్పుడు, టేపు వేగాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపి, ఆ గిటారుకు ఒక వణుకు తెచ్చారు. క్రిస్ థామస్ అనే యువకుడు కూర్చుని చేతితో ఆ మీట తిప్పుతూ పోయాడు. పాటలో గిటారు కన్నీళ్ళు పెట్టుకున్నట్టు వినిపించేది అందుకే. టేపు వెనక్కి తిప్పి అంత కష్టపడినా దొరకనిది, చుట్టం ఈ ఇంటి పద్ధతికి తల వంచితే దొరికింది. నవంబరు 22న ఆల్బమ్ వచ్చింది. అట్ట మీద క్లాప్టన్ పేరు లేదు.

వ్యాఖ్యాత: అన్యాయం కదా?

మాస్టారు: అప్పట్లో వేర్వేరు రికార్డు కంపెనీల కట్టుబాట్లు ఉండేవి. తరువాత క్లాప్టన్ బృందం క్రీమ్ పాట 'బ్యాడ్జ్'లో హారిసన్ వాయించినప్పుడు అతని పేరూ మారుపేరుగానే పడింది. వాళ్ళిద్దరూ స్నేహితులు, లెక్క సరిపోయింది. కానీ 1969 జనవరిలో కీబోర్డు వాద్యకారుడు బిల్లీ ప్రెస్టన్ విషయంలో బీటిల్స్ మంచి పని చేశారు. అప్పుడు గొడవలు ముదిరి హారిసన్ కొన్నాళ్ళు వెళ్ళిపోయి తిరిగి వచ్చి ఉన్నాడు. ప్రెస్టన్ వచ్చి ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చున్నాడు. మళ్ళీ చుట్టం కథే. 'గెట్ బ్యాక్' రికార్డు మీద బీటిల్స్ పేరుతో పాటు అతని పేరు వేశారు.

వ్యాఖ్యాత: పేరు సంగతి వచ్చింది కనుక గాయని క్లేర్ టోరీ గురించి చెప్పండి. ఫోనులో ఆమె గురించి చెబుతున్నప్పుడు మీ గొంతు మారిపోయింది.

మాస్టారు: మారుతుంది అమ్మా. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బృందం దగ్గర, వాళ్ళ కీబోర్డు వాద్యకారుడు రిచర్డ్ రైట్ కట్టిన వరుస ఒకటి ఉండేది. తరువాత 'ది గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' అయింది అదే. 1972లో కచేరీల్లో దాని తొలి రూపం వాయించేవారు. అప్పుడు అది ఆర్గన్ మీద, వెనుక మతగ్రంథం చదువుతున్న రికార్డింగులతో ఉండేది. మరణం గురించిన సంగీతం అది. తరువాత పియానో మీదికి మార్చి రికార్డు చేశారు, బాగుంది. కానీ దాని మీద ఏమి పెట్టాలో తెలియలేదు. సౌండ్ ఇంజనీరు అలన్ పార్సన్స్ ఒక గాయని పేరు చెప్పాడు. 1973 జనవరి 21, ఆదివారం. క్లేర్ టోరీ అబ్బే రోడ్ స్టూడియోకు వచ్చింది. పాతికేళ్ళ అమ్మాయి. ఆమె చేతికి మాటలు ఇవ్వలేదు, వరుస ఇవ్వలేదు. ఆమె మొదట అలవాటు కొద్దీ ఏవో మాటలు వేసి పాడింది. మాటలు వద్దన్నారు. అప్పుడు ఆమె తనను తాను ఒక వాద్యం అనుకుని పాడింది. రెండు, మూడు టేకులు. అంతే.

వ్యాఖ్యాత: ఆ కేకలో బతుకు మీద ఆశ, చావు భయం రెండూ ఉంటాయి. ఒక్క మాట లేదు.

మాస్టారు: పాడాక ఆమెకు సిగ్గు వేసింది. అతిగా పాడానేమో, ఇది వాడరులే అనుకుని వెళ్ళిపోయింది. ఆదివారం కనుక రెట్టింపు కూలి, ముప్పై పౌండ్లు ఇచ్చారు. రికార్డు అంగళ్ళలోకి వచ్చాక చూసుకుని, తన గొంతు ఉందని తెలుసుకుంది. ఇప్పుడు ఆలోచించు. 'ది గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' అనగానే ఎవరైనా కూనిరాగం తీసేది ఏమిటి? ఆమె పాడిన వరుస. స్వరకర్తగా మాత్రం రైట్ పేరు ఒక్కటే ఉండేది. 2004లో ఆమె కోర్టుకు వెళ్ళింది, 2005లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి స్వరకర్తల్లో ఆమె పేరు కూడా ఉంది. ముప్పై రెండేళ్ళు పట్టింది.

వ్యాఖ్యాత: రైట్ పియానో లేకపోతే ఆమె అలా పాడేదా అని కూడా అడగవచ్చు కదా?

మాస్టారు: పాడేది కాదు. అందుకే ఇద్దరి పేర్లూ ఉండాలి. చోటు వదిలినవాడిదీ స్వరరచనే, ఆ చోటులోకి వచ్చిన మనిషిదీ స్వరరచనే. ఈ మాట నేను పుస్తకాలు చదివి నేర్చుకోలేదు. నేను బాబాయ్ గారూ అని పిలిచే ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను.

వ్యాఖ్యాత: క్లారినెట్ బాబాయ్ గారు.

మాస్టారు: అవును. పెళ్ళి ఊరేగింపుల బ్యాండు మేళంలో ముప్పై ఏళ్ళుగా క్లారినెట్ వాయిస్తున్న మనిషి. మా వీధిలో ఒక రాత్రి ఊరేగింపు వెళుతుంటే అరుగు మీద కూర్చుని విన్నాను. మరునాడు వెతుక్కుంటూ వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఇందాక వినిపించిన డెమో అప్పటికి పెద్దదైంది. గోదావరి రేవులో లాంచీ కోసం కూర్చున్న మనిషి పాట. రెండు చరణాలు రాశాను. క్లారినెట్ రావలసిన చోట్ల కీబోర్డు మీద నకలు క్లారినెట్ కూడా వాయించి పెట్టాను, ఆయనకు దారి తెలుస్తుందని.

వ్యాఖ్యాత: ఆయన ఏమన్నారు?

మాస్టారు: ఒకసారి విన్నారు. "అన్నీ నువ్వే వాయించేశావు కదా నాయనా, నేనేం చేయాలి?" అన్నారు. నిష్ఠూరం కాదు, నిజంగానే అడిగారు. ఆ నకలు వాద్యం అక్కడికక్కడే తీసేశాను. తరువాత శ్రుతి అడిగారు. గిటారు వాళ్ళకు సులువని నేను మూడు శ్రుతిలో కట్టుకున్నాను. ఆయన క్లారినెట్‌కు అది ఇరుకు, వేళ్ళు మెలికలు తిరుగుతాయి. రెండున్నర అయితే వాద్యం గొంతు విప్పుతుందన్నారు. గిటారు తీగలన్నీ అర స్వరం కిందికి దించాను. తీగలు వదులై గిటారు మెత్తబడింది, నా గొంతు కూడా దిగింది. అప్పటిదాకా ఆ రేవులో మనిషి తొందరలో ఉన్నట్టు ఉండేవాడు. అర స్వరం దిగేసరికి కుదురుగా కూర్చున్నాడు. ఆయన ఇంకా ఊదనే లేదు.

వ్యాఖ్యాత: ఆ రెండో చరణం సంగతి కూడా చెప్పండి.

మాస్టారు: హెడ్‌ఫోన్స్ ఆయనకు కొత్త. ఒక చెవికి పెట్టుకుని, ఇంకో చెవి ఖాళీగా వదిలారు. నేను కంప్యూటర్‌లో ఏదో నొక్కబోయి నా గొంతు ట్రాక్ మూసేశాను, చూసుకోలేదు. రెండో చరణం వచ్చింది. ఆయన చెవిలో గిటారు తప్ప ఏమీ లేదు. ఖాళీ అనుకున్నారు. కింద పంచమం మీద మొదలుపెట్టి, ఒక్కో మెట్టు ఎక్కుతూ, పై షడ్జమం దగ్గర నిలిచి ఆ స్వరాన్ని వదలలేదు. ఊరేగింపుల్లో నడుస్తూ ఊదిన ఊపిరి అది, ఎంతకూ తరగదు. ఆపమని చెప్పడానికి చేయి ఎత్తాను. ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది. లాంచీలో ఎవరు రావాలో ఆ చరణంలో రాసి పెట్టాను. తల్లి అని చెప్పేశాను. క్లారినెట్ చెప్పలేదు. వినేవాళ్ళకు ఎవరు గుర్తొస్తే వాళ్ళే ఆ లాంచీలో ఉన్నారు. చరణం తీసేశాను.

వ్యాఖ్యాత: రాసుకున్నది తీసేయడం కష్టం కాలేదా?

మాస్టారు: రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆ చరణంలో మా అమ్మ ఉంది కదా.

వ్యాఖ్యాత: మాస్టారూ, వింటున్నవాళ్ళలో ఇంట్లో పాటలు చేసుకునేవాళ్ళు ఉంటారు. ఇంకొకరికి డెమో పంపేటప్పుడు ఏమి పంపాలి?

మాస్టారు: శ్రుతి, నడక చెప్పండి. మాటల కాగితం పంపండి, ఆయన ఎక్కడ ఊపిరి తీసుకోవాలో దాని వల్లే తెలుస్తుంది. గొంతుతో ఒకటి, గొంతు లేకుండా ఒకటి పంపండి. ఆయన వాయించవలసినది మాత్రం మీరు వాయించి పంపకండి. ఒకసారి విన్నది చెవిని వదలదు, ఎంతటి విద్వాంసుడైనా దాని చుట్టే తిరుగుతాడు. మొదటి టేకు ఎప్పుడూ దాచండి, ఆయన సరిచూసుకుంటున్నానని చెప్పినప్పుడు కూడా రికార్డు చేస్తూనే ఉండండి. డబ్బు, పేరు సంగతి వాయించక ముందే మాట్లాడుకోండి. ఎంత దగ్గరివాళ్ళైనా సరే.

వ్యాఖ్యాత: మీ పాట మీద పేరు ఎలా వేశారు?

మాస్టారు: బాణీ అన్న చోట ఇద్దరి పేర్లూ వేశాను. వచ్చేది ఎంతైనా సగం సగం. ఆయన ఒప్పుకోలేదు, నేను ఊదింది ఒక్క చరణమే కదా అన్నారు. ఆ చరణం కోసమే పాట వింటున్నారు బాబాయ్ గారూ అన్నాను. మరి కాసేపు కాదన్నారు. తరువాత ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

వ్యాఖ్యాత: వినిపిద్దామా?

మాస్టారు: వినిపించు అమ్మా. పల్లవి వద్దు. రెండో చరణం ఉండిన చోటు నుంచి పెట్టు.

[వదులైన తీగల గిటారు. క్లారినెట్ కింది పంచమం నుంచి పైకి. చివర బాబాయ్ గారు ఊపిరి తీసుకున్న చప్పుడు.]