ఉభాల వేళ అరిచే మూడు వంశాలు

శ్రోతలకు నమస్కారం. ఇవాళ కప్పల గురించి మాట్లాడుకుందాం, అదీ కోట్ల ఏళ్ల కిందట రాయిగా మారిపోయిన కప్పల గురించి. ముందే చెప్పేస్తున్నా, విజయనగరం చుట్టుపక్కల కొండల్లోనో సీతంపేట ఏజెన్సీలోనో సుత్తి పట్టుకుని ఎంత తిరిగినా కప్ప శిలాజం దొరకడం కల్ల. మన కొండల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైటు దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాయి. అప్పటికి కప్ప కాదు కదా, ఎముకున్న జీవే పుట్టలేదు.

కప్ప దొరకాలంటే చెరువు అడుగున పేరుకున్న మెత్తటి బురద ఉండాలి. తెలుగువాళ్ల నేల మీద అలాంటి చోటు ఒకటి వికారాబాద్ వైపు ఉంది, నస్కల్ అనే ఊరు. దక్కన్ లావా పొరల మధ్య ఇరుక్కుపోయిన పాత మడుగుల మట్టి అది, డైనోసార్ల ఆఖరి రోజుల నాటిది. ఇలాంటి మట్టిని నానబెట్టి, జల్లెడలో కడిగి, అడుగున మిగిలిన నలుసుల్ని మైక్రోస్కోపు కింద ఏరుకుంటూ కూర్చోవాలి. చూసేవాళ్లకి పిచ్చి పనిలా ఉంటుంది గానీ, నస్కల్‌లో కప్పల ఎముకలు, బల్లుల ఎముకలు బయటపడింది అలాంటి నలుసుల్లోనే. ముంబైలోని వర్లీ కొండలో అయితే చిన్న చిన్న కప్పల అస్థిపంజరాలే దొరికాయి. 1847లో వాటికి పేరు పెట్టింది రిచర్డ్ ఓవెన్, డైనోసార్ అనే పేరు పెట్టినాయనే.

కప్ప ఎముకలు మరీ సన్నం, చచ్చాక ఇట్టే విడిపోతాయి, అందుకని చాలాసార్లు ఒక్క తుంటి ఎముక ముక్కే ఆధారం. వెనక్కాళ్ల ఊపును వెన్నుకి అందించేది అదే కాబట్టి కప్పల్లో అది సన్నగా, విపరీతంగా పొడవుగా ఉంటుంది, తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు. మొదట్లో ఇంత దూకుడు లేదు లెండి. మడగాస్కర్‌లో దొరికి, 1936లో పివెటో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లోకానికి చెప్పిన ట్రయాడోబట్రాకస్ అనే కప్పల పాత చుట్టానికి 25 కోట్ల ఏళ్లు. తల చూస్తే కప్పే, కానీ నడుముదాకా 14 వెన్నుపూసలు, పైగా పొట్టి తోక! ఇప్పటి కప్పల్లో దేనికీ ఆ పూసలు తొమ్మిదికి మించవు. నిజంగా దూకగలిగిన ఒళ్లు 19 కోట్ల ఏళ్ల నాటి అరిజోనా కప్పలో కనిపిస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ప్రపంచంలో ఏడు వేలకు పైగా కప్ప జాతులుంటే, ఎక్కువ భాగం వేడీ తేమా ఉన్న అడవుల్లోనే బతుకుతున్నాయి. ఆ అడవుల పుల్లటి మట్టేమో ఎముకని నిలవనివ్వదు. అంటే కప్పలు ఎక్కడ ఎక్కువో అక్కడే శిలాజాలు తక్కువ. అందుకే బతికున్న కప్పల డీఎన్‌ఏ తీసి, దొరికిన కొద్ది శిలాజాల వయసుతో సరిచూసుకుని లెక్క కడతారు. 2017లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు 156 జాతుల నుంచి 95 జన్యువులు తీసి చూస్తే తేలిందేమిటంటే, ఇవాళున్న కప్పల్లో 88 శాతం, 6.6 కోట్ల ఏళ్ల కిందట ఉల్క పడి డైనోసార్లు పోయిన ఆ ప్రళయాన్ని దాటి బతికిన మూడంటే మూడు వంశాల సంతానమని.

ఆ మూడు వంశాలూ మన పొలాల్లోనే ఉన్నాయండి! ఉభాల రోజుల్లో, అంటే వరి నాట్ల వేళ, రాత్రి వాన వెలిశాక గట్టు మీద నిలబడి వినండి. ఒళ్ళంతా పొక్కులతో లైటు కింద పురుగుల కోసం కాసుకునే గోండ్రుకప్ప హైలాయిడియా వంశం, దాని చుట్టాలు ఎక్కువగా దక్షిణ అమెరికాలో ఉన్నాయి. మడిలో గొంతు బుడగలు ఉబ్బించి అరిచే పచ్చటి బోదురుకప్పా, గోడలెక్కే చెట్టుకప్పా నటటానూరా వంశం. బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దగా ఉండి, చెవులు గింగురుమనేలా అరిచే బుల్లికప్ప మైక్రోహైలిడే. పాలకొండలోనో నరసన్నపేటలోనో గెడ్డ పక్కన ఇల్లున్నవాళ్లకి ఈ కచేరీకి టికెట్టు కూడా అక్కర్లేదు.

మరి వేడి దేశాల్లోనే ఎందుకింత పెరిగాయి? పెంకు లేని గుడ్డు, నీళ్లు పట్టి ఉంచలేని చర్మం, ఈ రెంటికీ తేమ కావాలన్నది ఒక జవాబు. అది సగమే. తేమ ఉన్నచోట గుడ్డు పెట్టడానికి చెరువే అక్కర్లేదు, నా లెక్కలో అసలు సంగతి అదే. మన చెట్టుకప్పనే చూడండి. నీళ్ల తొట్టి అంచునో, చెరువు మీదికి వంగిన కొమ్మకో ఆడకప్ప తన ఒంట్లోంచి వచ్చే జిగురుని వెనక్కాళ్లతో గిలక్కొట్టి, సబ్బు నురగలాంటి తెల్లటి ముద్ద చేసి అందులో గుడ్లు పెడుతుంది. పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల తడి ఆరదు, నీళ్లలో ఉండే చేపలకి గుడ్లు అందవు. కొన్ని రోజులకి తోకకప్పలు కింద నీళ్లలోకి రాలిపోతాయి. పడమటి కనుమల్లో, శ్రీలంకలో కొన్ని పొదకప్పలైతే తోకకప్ప దశే ఎత్తేశాయి, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే బయటికొస్తుంది. ఇలా ఒక్కో ఉపాయంతో ఒక్కో కొత్త చోటు దొరికితే జాతులు పెరగవా మరి!

అన్ని పాత వంశాలకీ ఆ భాగ్యం పట్టలేదు. 2003లో కేరళలోని ఇడుక్కి దగ్గర దొరికిన ఊదారంగు కప్ప సంగతి చూడండి. దాని చుట్టాలు ఎక్కడో హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి, ఈ నేలలు కలిసి ఉన్ననాటి బంధుత్వం అది. ఏడాదంతా మట్టిలో చెదలు తింటూ గడిపి, తొలకరికి కొద్ది రోజులు మాత్రం పైకొస్తుంది. అదీ ప్రళయం దాటిన వంశమే, కానీ మన దేశంలో ఇప్పటికి తేలినవి రెండే జాతులు. మట్టిలోకి దిగినదానికి రెండు, చెట్టెక్కినవాటికి వందలు.